మచ్చ ఉన్న వజ్రం

ఇప్పుడు ఇంటింటా వజ్రాలు చేసే యంత్రమే. మీట నొక్కితే కోహినూరు ఊడిపడుతుంది. జనం దాన్ని తలుపుకు అడ్డం పెట్టుకుంటారు, మోజు తీరితే పెంటలో పారేస్తారు. ఆ పెంటే ఎరువుగా చేలకు పోతుంది.

అయినా తొలకరి పడితే నా భార్య ఓబులమ్మ వజ్రకరూరు చేలల్లో వజ్రాల కోసం వెతుకుతూనే ఉంది. ముప్పై ఏళ్లకు ఒకటి దొరికింది, చింతగింజంత. వజ్రాలు పరీక్షించే ఖాసీం దగ్గరికి పోయాం.

"నేలలో పుట్టిందా, పెంటతో వచ్చిందా చెప్పు ఖాసీమూ" అంది ఓబులమ్మ.

"యెట్ట చెప్పేదక్కా? లోపల మచ్చుండాది. ముందైతే నేలలో పుట్టినదానికి అదే గుర్తు. ఇప్పుడు యంత్రాలు మచ్చ గూడా ఏస్తాండాయి. రాజుల కిరీటాల్లోవే యేవి అసలో తెలీడం ల్యా."

"ముప్పై ఏండ్లు వంగిన దీని నడుం చూసి చెప్పు" అన్నాను.

"నడుం చూసే అద్దం నా కాడ లేదన్నా."

ఓబులమ్మ వజ్రం తీసుకుని చేనికి నడిచింది. అది దొరికిన చోటే తడిమట్టిలో పెట్టి మడమతో అదిమింది.

"కన్నదానికి తెలుస్తాదిలే, తన బిడ్డో కాదో" అంది.