వేణుమాధవ్ చదవని పేజీ

చేవెళ్లలో పెళ్లి వీడియోలు చేసే వేణుమాధవ్ మూడేళ్ల తర్వాత అరుణశ్రీని వెతుక్కుంటూ మొయినాబాద్ వచ్చాడు. అతని స్టూడియోలో పనిచేసిన రోజుల్లో ఆమె అతని కుర్చీ వెనక్కి వచ్చిందంటే చాలు, పని నేర్చేసుకుంటుందని మానిటర్ ఆర్పేసేవాడు. ఇప్పుడు ఆమెకు సొంత స్టూడియో ఉంది.

"చెల్లె, మనం ఎడిటింగ్ చేసే ఫ్రీ సాఫ్ట్‌వేర్ కొత్తది వచ్చినంక నా పాత సెట్టింగులు ఒక్కటి పనిచేస్తలేదు. వీడియో టీవీల వస్తలేదని పెండ్లోళ్లు మీద పడ్డరు."

"ఎట్ల వాడాల్నో అది చేసినోళ్లే రాసి పెడతరు కదన్నా?"

"అది ఇంగ్లీషుల ఉన్నది, తలకెక్కదు. నెట్‌ల ఎవరో తెలుగుల పుస్తకం రాసి పెట్టిండ్రు, పేరు లేదు. బంగారమసొంటి మనిషి! పన్నెండో పేజీ ఒక్కటే సమజైతలేదు, జర చెప్పు."

అరుణశ్రీ ఓపికగా చెప్పింది. అతను వెంట తెచ్చిన పెళ్లి వీడియో ఆమె టీవీలో వచ్చింది.

"మొదటి పేజీ చదివినవా అన్నా?"

"ముందుమాటలు ఎవరు చదువుతరు చెల్లె?"

ఈ మాట కోసమే ఆమె ఇంతకాలం కాచుకుని ఉంది. మొదటి పేజీ తెరిచి, మానిటర్‌ను అతని వైపు తిప్పింది.

'నన్ను చూడగానే మానిటర్ ఆర్పేసిన చేవెళ్ల వేణుమాధవ్ అన్నకు అంకితం. ఆయన నేర్పి ఉంటే ఈ పుస్తకం రాసేదాన్ని కాదు.'

"చేవెళ్ల, మొయినాబాద్ స్టూడియోలోళ్లు అందరు చదివిండ్రు అన్నా," అందామె. "నువ్వొక్కనివే మిగిలినవ్."