కిరణ్ తిప్పిన నాబ్

"ముట్టుకోకమ్మా!"

భానుచందర్ అరిచిన అరుపుకి సింధూరి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. కీబోర్డు మీదున్న గుండ్రటి నాబ్‌కి ఆమె వేలు ఇంకా తగలనే లేదు. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న సాంబమూర్తి ఉలిక్కిపడి కూతురి వంక చూశాడు.

"సారీ అమ్మా. కిరణ్ పాట ఫైలు తెరిచి ఉంది. ఏదైనా కదిలితే..." భానుచందర్ గొంతు తగ్గించాడు.

"తెలీక చెయ్యి పెట్టబోయానన్నయ్యా. మా అన్నయ్య తిప్పే నాబ్ ఇదేనా అని."

"ఇదే."

సూర్యారావుపేటలో ఓ మందుల షాపు మేడ మీద, కిరణ్, అతని స్నేహితుడు భానుచందర్ కలిసి పాటలు చేసుకున్న ఒంటిగది స్టూడియో అది. తండ్రీకూతుళ్ళు పెడన నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చారు. మర్నాడు కిరణ్‌కుమార్ సంవత్సరీకం. కొడుకు చేసిన చివరి పాట తెచ్చి వినిపించాల్సిందేనని తల్లి వెంకటరావమ్మ పట్టుబట్టింది. తాతలనాటి నుంచీ నేతపని చేసే ఇల్లు వాళ్ళది. ఇంట్లో అందరి చేతిపనీ ఏదో ఒక చీరలో మిగిలింది గానీ, కంప్యూటర్ ముందు కూర్చున్న పిల్లాడిది మాత్రం ఏమీ మిగల్లేదని ఆవిడ బాధ.

"కంప్యూటర్ పాటలో చేత్తో చేసేదేముంటుంది బాబూ?" అడిగాడు సాంబమూర్తి.

"ఉంటుంది బాబాయ్ గారూ. వాయిద్యం కంప్యూటర్లోదే, నిజమే. కానీ దానికి ఫిల్టర్ అని ఒకటుంటుంది. నోటికి అరచెయ్యి అడ్డం పెట్టి తీస్తుంటే గొంతు మూసుకుని తెరుచుకున్నట్టు, అలా అన్నమాట. పాట నడుస్తుండగా ఈ నాబ్ తిప్పితే ఆ తిప్పుడంతా గీతలా రికార్డవుతుంది. మళ్ళీ పాట పెడితే తెర మీద నాబ్ దానంతటదే తిరుగుతుంది. ఆటోమేషన్ అంటాం."

"అచ్చం ఆ చెయ్యి తిప్పినట్టేనా?" సింధూరి కళ్ళు పెద్దవయ్యాయి.

"ఎవరెలా తిప్పితే అలాగే."

దీని మీదే ఆ ఇద్దరు స్నేహితులకీ రోజూ పేచీ. మౌస్‌తో నాలుగు చుక్కలు పెట్టి గీత లాగితే చిటికెలో అయ్యే పనికి కిరణ్ పూటంతా నాబ్ పట్టుకుని కూర్చునేవాడు. చివరి రోజున భానుచందర్‌కి ఓపిక పోయింది. "చెయ్యి వణుకుతోందిరా నీకు. పోయి మీ నాన్న మగ్గం దగ్గర ఆడించుకో" అనేశాడు. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేం. కిరణ్ వెంటనే లేచి బండి తీశాడు. హనుమాన్ జంక్షన్ దాటాక లారీ గుద్దింది.

ఆ మాట ఏడాదిగా భానుచందర్ గుండెల్లో ముల్లులా ఉంది. ఇవాళ ఉండబట్టలేక తండ్రికి చెప్పేశాడు.

సాంబమూర్తి కళ్ళజోడు తీసి పైపంచెతో తుడిచాడు. తర్వాత, "మగ్గం దగ్గరకి పొమ్మనడం మా ఇంట్లో తిట్టు కాదులే బాబూ" అన్నాడు.

ఆ మంచితనం భానుచందర్‌ని ఇంకా కుంగదీసింది.

"ఇందాక నేను ముట్టుకుని ఉంటే పోయేదా అన్నయ్యా?" అంది సింధూరి, మాట మార్చడానికి.

"లేదమ్మా, ఇప్పుడు రీడ్‌లో ఉంది, అంటే ఉన్న గీతని చదువుతుందంతే, ఏమీ కాదు. రైట్‌లో, అంటే కొత్తగా రాసే పద్ధతిలో ఉంటేనే ప్రమాదం. నాబ్ ముట్టుకోకుండా ఊరికే వింటున్నా సరే, పాతదంతా తుడిచేసి తిన్నగా గీత గీసేస్తుంది. అలవాటుగా సేవ్ కొట్టి మూసేశామా, ఇక బ్రహ్మదేవుడు కూడా తేలేడు."

"అలా ఎవరు చేసుకుంటారు?"

"చూసుకోకపోతే ఎవరైనా" అంటూ భానుచందర్ పాట పెట్టాడు.

గదంతా సన్నటి నాదం నిండింది. తెర మీద నాబ్ మెల్లగా కదిలింది. కాస్త తిరిగి, తటపటాయించి, మళ్ళీ తిరిగింది. సింధూరి తెర మీద దాని పక్కనే వేలు పెట్టి, అది ఎటు తిరిగితే అటు తిప్పుతూ ఏడ్చేసింది.

సాంబమూర్తి కళ్ళజోడు పెట్టుకుని, నాబ్ కింద సాగుతున్న గీతని చూశాడు.

"మరమగ్గం గుడ్డ ఈ కొస నుంచి ఆ కొసకి ఒకేలా ఉంటుంది. చేనేత అలా ఉండదు. నేసేవాడి మనసుని బట్టి దెబ్బ పడుతుంది. ఇది చేతి పనే, అనుమానం లేదు. వణుకు చూడమ్మా. మావాడే!"

పాట ముగియబోతుండగా గీత ఉన్నట్టుండి ఆగి, కిందికి జారి, మళ్ళీ లేచింది.

"ఇక్కడేమైంది నాన్నా?"

"ఏదో గుర్తొచ్చి ఉంటుంది. చెయ్యాడలేదు పాపం" అన్నాడు సాంబమూర్తి.

భానుచందర్ తల గోడవైపు తిప్పుకున్నాడు.

సింధూరి నాబ్ తిరుగుతుండగా ఫోన్లో వీడియో తీసుకుంది. భానుచందర్ పాటని పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చాడు. వెళ్ళబోతూ సాంబమూర్తి అతని కుడిచేతిని తన రెండు చేతుల్లోకి తీసుకుని కళ్ళకద్దుకున్నాడు.

"వాడి చేతిపని మాకు దక్కించావు. నీ చెయ్యి చల్లగుండ."

"బాబాయ్ గారూ, ఇంకో మాట చెప్పాలి..."

"రేపు భోజనానికి రా. వాళ్ళమ్మ దగ్గర కూర్చుని అన్నీ చెబుదువుగాని."

మెట్ల మీది నుంచి సింధూరి ఫోన్లో అంటున్న మాట పైకి వినిపించింది. "అమ్మా, అన్నయ్య చెయ్యి దొరికిందే!"

భానుచందర్ తలుపు పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. కిరణ్ పోయిన రోజున ఏడుస్తూ ఇదే పాట విన్నాడు, అది రైట్‌లో ఉందని చూసుకోలేదు. అలవాటుగా సేవ్ కొట్టి మూసేశాడు.

ఇప్పుడున్న గీత, ఆ తర్వాత నాబ్ తిప్పి గీసింది భానుచందరే.