స్టార్లు పడని ఆదివారం

యాభై రెండేళ్ళ సన్యాసిరావు వీడియో గేమ్ పెట్టుకుని గిటార్ నేర్చుకుంటున్నాడు. గాజువాకలో ఇప్పుడందరూ అలాగే నేర్చుకుంటారు. ఆరు నెలలుగా ఒకటే పాట. తీగ తప్పు నొక్కినా గేమే సరిచేసి వినిపిస్తుంది, గోడ మీద ఐదు స్టార్లు వేస్తుంది. వంటింట్లో భార్య పైడితల్లికి ఉప్పు గుర్తుచేసేదీ, దోసెకి స్టార్లు వేసేదీ నెట్‌కి తగిలించిన పెనమే. అందుకని ఆ ఇంట్లో ఎలా ఉందని ఎవరూ ఎవరినీ అడగరు.

ఆదివారం పొద్దున్న ఊరంతా నెట్ పోయింది; గేమూ, పెనమూ మూగబోయాయి. సన్యాసిరావు అలవాటు కొద్దీ వాయిస్తూనే ఉన్నాడు. గిటార్ అసలు గొంతు మొదటిసారి బయటికొచ్చింది.

పైడితల్లి అట్లకాడతో పరిగెత్తుకొచ్చింది. "ఏటండీ ఆ చప్పుడు?"

"నేనే."

"ఎన్ని స్టార్లు?"

"పడలేదు. నువ్వే చెప్పాలి."

ఆవిడ లోపలికెళ్ళి దోసె తెచ్చి అతని ముందు పెట్టింది. "దీనికీ పడలేదు. ముందు మీరు చెప్పండి."

అతను నమిలాడు. మింగాడు.

"ఉప్పు మర్చిపోయావు," అన్నాడు భయంభయంగా.

పైడితల్లి స్టవ్ ఆపేసి వచ్చి, కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"మూడు చోట్ల తప్పారు. మళ్ళీ వాయించండి."