మంచం మీద ఇంగ్లీషు పాఠం

కొడుకు టీ తాగి వార్డులోకి వచ్చేసరికి తండ్రి చేతిని మంచానికి కట్టిన కట్టు ఊడి ఉంది.

దానంతటది ఊడలేదు. ముక్కూ మొహం తెలియని గళ్ళచొక్కా మనిషొకడు మంచం పక్కన స్టూలేసుకు కూచుని, ఆయన చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకున్నాడు.

"ఎవరయ్యా నువ్వు? కట్టు ఎవరు విప్పమన్నారు?"

"నేనే విప్పాను బాబూ. పట్టుకునే ఉన్నాలే, ట్యూబు జోలికి పోనివ్వను."

"మొన్న ముక్కులో ట్యూబు పీకేసుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్నాడు. మళ్ళీ పీక్కుంటే నువ్వు పెడతావా?"

గళ్ళచొక్కా ఆయన చేతిని మళ్ళీ గుడ్డతో మంచం ఊచకి కట్టాడు. ముడి కింద తన వేలు దూరుతుందో లేదో చూసుకుని లేచాడు.

ఏ మంచం తాలూకు మనిషో, ఊసుపోక ఇటొచ్చాడనుకున్నాడు కొడుకు.

తండ్రి ఇంగ్లీషు మాస్టారు. పక్షవాతం వచ్చి పడ్డాక ఇంటి భాష మొత్తం ఎగిరిపోయింది. "నీళ్ళు" అనడం కూడా రాదు. మిగిలిందల్లా ఇంగ్లీషే. అదీ ఒక్కొక్క మాట.

"ఫ్రీ," అన్నాడాయన పైకప్పు చూస్తూ.

అప్పుడే వచ్చిన అక్క మొహం వెలిగిపోయింది. "తమ్ముడూ, నాన్న పాఠం చెబుతున్నారురా!"

చిన్నప్పుడు వాళ్ళింట్లో భోజనమంటే పరీక్షే. తండ్రి ఒక ఇంగ్లీషు మాట విసిరేవాడు. అదే అర్థం వచ్చే ఇంకో మాట చెబితేగాని కంచంలో రెండోసారి అన్నం పడేది కాదు. కొడుకు చాలాసార్లు సగం కడుపుతోనే లేచేవాడు.

"లూజ్," అన్నాడు తండ్రి.

"రిలీజ్!" అంది అక్క.

"లిబరేట్!" అన్నాడు కొడుకు. "చూశావా, ఈ పూట నా అన్నం నాకే!"

ఇద్దరూ పగలబడి నవ్వారు. ఆయన పడిపోయాక వాళ్ళు నవ్వడం అదే మొదలు.

తండ్రి నవ్వలేదు.

"బుర్ర పాదరసంలా ఉంది, ఇంకేం భయం లేదు," అని అక్క చుట్టాలందరికీ ఫోన్లు చేసింది.

గుమ్మం దగ్గర నుంచి గళ్ళచొక్కా నసిగాడు. "అమ్మా, నాకు ఇంగ్లీషు ముక్క రాదు. కానీ ఆయనేదో అడుగుతున్నట్టుంది."

"మాస్టారు కదండీ, అడక్కేం చేస్తారు?" అంది అక్క.

మర్నాడు కొడుకు మందులకని వెళ్ళొచ్చాడు. మళ్ళీ ముడి ఊడి ఉంది. మళ్ళీ స్టూలు మీద అదే మనిషి.

తండ్రి అతని చేతిలో చెయ్యి వదిలేసి, నోరు కాస్త తెరుచుకుని హాయిగా నిద్రపోతున్నాడు. ఆసుపత్రికి వచ్చాక ఆయనకి అలా కన్నంటుకోలేదు. కొడుకు కంటికి ఆ నిద్ర ఆనలేదు. ఊడిన ముడి ఒక్కటే ఆనింది.

"నీకు సిగ్గూ శరం ఉందా? చెబితే తలకెక్కదా?"

అరుపుకి వార్డంతా తల తిప్పింది. వాచ్‌మన్ వచ్చి రెక్క పట్టుకున్నాడు.

"నన్ను పంపేయి బాబూ, పర్లేదు," అన్నాడు గళ్ళచొక్కా వెళుతూ వెళుతూ. "నువ్వు పట్టుకో. పట్టుకునే మనిషుంటే కట్టక్కర్లేదు."

"పొద్దస్తమానం చేతులు పట్టుకు కూచోడానికి మాకేం పనుల్లేవా? నీతులు చెప్పకు, నడు!"

ఈసారి ముడి కొడుకే వేశాడు. గట్టిగా, రెండుసార్లు.

సాయంత్రం తండ్రి కళ్ళు తెరిచాడు.

"అన్‌టై."

"అన్‌బైండ్," అన్నాడు కొడుకు ఫోన్లోంచి తలెత్తకుండా.

"లెట్ గో."

"లెట్ లూజ్. నాన్నా, నా దగ్గర మాటలైపోయాయి. గెలుపు నీదే. ఇంక పడుకో."

తండ్రి కాసేపు అతన్నే చూశాడు. తర్వాత మొహం గోడకి తిప్పుకున్నాడు.

తెల్లారేసరికి పోయాడు.

ముడి ఎంతకీ రాక, నర్సు కత్తెర తెచ్చి కత్తిరించింది. మణికట్టు చుట్టూ తోలు లేచిపోయి ఎర్రగా ఉంది.

అక్క ఆ చేతికేసి చూసింది. తమ్ముడికేసి చూసింది. "ఒరేయ్," అంది. "నాన్న పాఠం చెప్పలేదురా."

కొడుక్కి ఆయన ఒక్కొక్క మాటకీ తాను చెప్పిన జవాబులు వరసగా చెవిలో గింగురుమన్నాయి. కట్టు విప్పమని కన్నతండ్రి తనకొచ్చిన మాటలన్నీ వెతుక్కుని వెతుక్కుని అడిగాడు. తను పోటీకి దిగాడు.

ఇక కాళ్ళు పట్టుకోవడానికి మిగిలింది ఒక్కడే.

"సిస్టర్, ఆ గళ్ళచొక్కాయన ఏ మంచం తాలూకు?"

"ఆయనకిక్కడ ఎవరూ లేరండీ."

"మరి రోజూ ఎందుకొచ్చేవాడు?"

నర్సు దుప్పటి పైకి లాగి సర్దుతూ నెమ్మదిగా చెప్పింది.

"మీ నాన్నగారికి ముందు ఈ మంచం మీద ఆ గళ్ళచొక్కాయన వాళ్ళమ్మ ఉండేదండీ. ఆవిడా ఇలాగే కట్లతోనే పోయింది. ట్యూబు పీకేసుకుంటుందని దగ్గరుండి ఆ ముళ్ళు బిగించింది ఆయనే."