వీధిపోటు

కాలనీ పటం ఫోనులో ఆటగా మారిన రోజులవి. వంతు వచ్చినవాళ్లు తెరమీద రోడ్డును వేలితో జరిపితే, తెల్లారేసరికి యంత్రాలు నిజం రోడ్డునూ జరిపేసేవి.

అంబులెన్సు నడిపే హైమవతి ఆ ఉదయం బండి తీద్దామని గేటు తెరిస్తే, రోడ్డున్న చోట తామరకొలను ఉంది.

"ఏమండీ, రోడ్డేదీ?"

"ఎదురింటి వదినగారు తన వంతులో మనకి వీధిపోటు తెచ్చిపెట్టింది కదా. ఎటు తిప్పినా ఎవరో ఒకరి గుమ్మానికి తగుల్తోంది. అందుకని తీసేశా," అన్నాడు భర్త త్రివిక్రమం తృప్తిగా. "ఇప్పుడు ఎవరింటికీ వీధిపోటు లేదు."

"అసలు వీధే లేదు కదండీ. మళ్లీ పెట్టండి."

"మన వంతు అయిపోయింది. ఇంక దసరాకే."

అంతలో ఆమె ఫోను మోగింది. రైలుగేటు దగ్గర ఎవరికో నొప్పులు మొదలయ్యాయట. హైమవతి ఆ ఫోను తెచ్చి మొగుడి చెవికి ఆనించింది.

"మీరే చెప్పండి, నేను ఏ దారిన వస్తున్నానో."