గీతల పుస్తకం

వెంకటరత్నమ్మ కొట్టిన దెబ్బకి సంపూర్ణమ్మ టీచరు కళ్ళజోడు ఎగిరి బల్ల కింద పడింది.

నాలుగో తరగతి పిల్లలంతా నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. గోడమీద పటంలో ఏసుప్రభువు పసిపిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఉన్నాడు. సరిగ్గా ఆ పటం కిందే టీచరు చెంప పట్టుకుని నిలబడింది.

"టీచర్, రెండో చెంప," అంది ముందు బెంచీలో పిల్ల మెల్లిగా. నిన్ననే చెప్పిన పాఠం మరి.

టీచరు ఆ పిల్లవైపు ఒకసారి చూసింది. రెండో చెంప చూపించలేదు గానీ, తిరిగి చెయ్యీ ఎత్తలేదు. "ఏం జరిగిందో చెప్పి కొట్టండమ్మా," అంది.

"నన్నడుగుతారా? ఇదేంటో మీరే చెప్పండి." వెంకటరత్నమ్మ కూతురు హైమని జడ పట్టుకుని ముందుకు లాగింది. చంకలోని నోటుపుస్తకం బల్లమీద పడేసింది. "పొద్దున దీని సంచీలో దొరికింది."

మొదటి పేజీలో పైన హైమ గుండ్రటి రాత. 'నన్ను కొట్టారు. క్షమించేశాను.' దాని కింద అన్నీ గీతలే. పెన్సిలుతో గీసిన నిలువు గీతలు, వరసకి వరస, పేజీకి పేజీ.

"అది చూసినప్పట్నుంచీ నా ప్రాణం నా ఒంట్లో లేదండీ," అంది వెంకటరత్నమ్మ. "రోజూ దీని రిక్షా కాలవగట్టు ఎక్కితే బోల్తా కొట్టిందేమో అనుకుంటాను. అయిదు నిమిషాలు ఆలస్యమైతే లారీ కింద పడిందేమో అనుకుంటాను. నిరుడు గొడవల్లో బడి మూసేసినా, ఇంట్లో ఉన్నదానికే రాయి తగుల్తుందని కిటికీలు మూసి కూర్చున్నాను. ఇన్ని భయపడ్డానా, ఇదొక్కటీ నాకు తట్టలేదు."

టీచరు వంగి కళ్ళజోడు తీసి పెట్టుకుంది. ఒక అద్దం అడ్డంగా చిట్లింది. ఆ చిట్లిన అద్దంలోంచే గీతలు లెక్కపెట్టింది. రెండొందల పంతొమ్మిది.

"ఈ పుస్తకం పెట్టమన్నది నేనే," అంది.

వెంకటరత్నమ్మ చెయ్యి మళ్ళీ లేచింది.

"ఆగండమ్మా. కొట్టింది నేను కాదు. జూన్‌లో బడి తెరవగానే క్షమించడం గురించి పాఠం చెప్పాను. తప్పు చేసినవాళ్ళని ఎన్నిసార్లు క్షమించాలి, ఏడుసార్లా అని శిష్యుడు అడిగితే, కాదు, ఏడు డెబ్బైల సార్లు అన్నాడు ప్రభువు. ఎంతర్రా అది?" అలవాటుకొద్దీ పిల్లల్ని అడిగేసింది.

"నాలుగొందల తొంభై," అన్నారు పిల్లలందరూ ఒక్క గొంతుతో.

"ఎవరన్నా కొట్టినా తిట్టినా క్షమించి ఒక గీత గీసుకోండి అన్నాను. మిగతా పిల్లలవి అయిదో ఆరో ఉన్నాయి. మూణ్ణెల్లలో ఇన్నంటే..." టీచరు గొంతు తగ్గించింది. "ఇంట్లో ఎవరైనా కొడతారామ్మా?"

"మా ఇంట్లోనా? వాళ్ళ నాన్న దానిమీద ఈగ వాలనివ్వరు. నా సంగతంటారా, అది కళ్ళెదురుగా లేకపోతే నాకు ముద్ద దిగదు."

అంటూనే కిటికీలోంచి బయటికి చూసింది వెంకటరత్నమ్మ. గేటు దగ్గర శౌరయ్య రిక్షా తుడుచుకుంటున్నాడు. రోజూ హైమని బడికి తెచ్చేదీ, ఇంటికి దించేదీ వాడే. రెండు పూటలా. గట్టు మీద. అడిగే దిక్కులేని చోట.

టీచరు పిలుస్తున్నా వినిపించుకోకుండా పరిగెత్తింది. చేతిలో గొడుగు తిరగేసి శౌరయ్య నెత్తిన మోదింది.

"ఏరా, నా పిల్లనట్రా కొడుతున్నావు?"

"అమ్మగారూ, మరియమ్మతల్లి తోడు. పాప సరిగ్గా కూర్చుంటేగానీ నేను పెడలు మీద కాలెయ్యను..."

మాట పూర్తి కానివ్వలేదు. రెండో దెబ్బకి గొడుగు విరిగింది. విరిగిన పుల్ల గీరుకుని చెవి చీలి, ఖాకీ చొక్కా మీద నెత్తురు జారింది. వాడు రెండు చేతులూ తలకి అడ్డం పెట్టుకుని రిక్షా పక్కన కూలబడ్డాడు. ఆయా దానమ్మ వచ్చి వెనకనుంచి పట్టుకున్నా ఆవిడ ఆగలేదు, కాలితో తన్నింది.

"శౌరయ్య తాత కాదమ్మా." హైమ వచ్చి మధ్యలో నిలబడింది. వెనకాలే టీచరు, ఆవిడ చేతిలో పుస్తకం.

"మరెవరు? పేరు చెప్పు. వాడి చేతులు నరికి కాలవలో పారేస్తాను."

"చెప్పకూడదమ్మా. పేరు చెబితే అది క్షమించడం కాదు, చాడీలు చెప్పడం అన్నారు టీచరు."

"చెప్పవూ?"

"చెప్పను."

వెంకటరత్నమ్మకి కళ్ళు బైర్లు కమ్మాయి. ఎవడో, ఎక్కడో, ఏ గోడ చాటునో దీన్ని ఒంటరిగా పెట్టి కొడుతున్నాడు. కొట్టి, నోరెత్తకుండా చేశాడు. రేపు చంపినా ఇది పేరు చెప్పదు. కాలవలో తేలితేగానీ తనకి తెలీదు.

"చెప్పవే," అంటూ దానమ్మని విదిలించుకుని లాగి ఒక్కటి కొట్టింది. పిల్ల గిర్రున తిరిగి కంకర మీద పడింది.

హైమ ఏడవలేదు. లేచి గౌను దులుపుకుంది. పెదవి చివర నెత్తురు మోచేత్తో తుడుచుకుని, టీచరు చేతిలోంచి పుస్తకం తీసుకుంది. జడ రిబ్బనులో దోపుకున్న పెన్సిలుముక్క తీసి, ఆఖరి వరసలో ఇంకో గీత గీసింది.

తలెత్తి తల్లి మొహం చూసింది.

"భయపడకమ్మా," అంది. "ఇంకా రెండొందల డెబ్బై ఉన్నాయి."