బన్ను వద్దన్న ముసలమ్మ

ముసలమ్మ మళ్ళీ బన్ను పళ్ళెం పక్కకు జరిపింది.

"కాఫీ చాలమ్మాయ్."

బన్నుల కొట్టు నడిపే తూయిరెకు ఒళ్ళు మండింది. మా ఫిన్లాండు పల్లెల్లో కాఫీతో పెట్టిన బన్ను వద్దంటే, నీ చేతి వంట బాగాలేదని మొహాన అన్నట్టే.

అదీ దాల్చినచెక్క బన్ను! దానికోసం సరస్సు అవతలి నుంచి కూడా వస్తారు జనం. ఆ పేరు చూసే, చేతులు మారి మారి వచ్చిన ఈ కొట్టును తూయిరె కిందటేడు కొన్నది.

"నా బన్నుకేం వచ్చింది మామ్మా?"

"దానికేం, బాగానే ఉంది. పాప కడుపులో ఉన్నప్పుడు షుగర్ వచ్చిందన్నావుగా. ఏటేటా పరీక్ష చేయించుకుంటున్నావా?"

"కాన్పుతోనే పోయిందిగా!"

"పోలేదు. గుమ్మం బయట కూచుంది."

"నువ్వేమన్నా డాక్టరువా?"

"కాదు."

అంతే. పేరు చెప్పలేదు. తూయిరె అడగలేదు. మా ఊళ్ళో ఒకరి సంగతి ఒకరు తవ్వరు.

కాఫీ తాగి ముసలమ్మ కుంటుతూ బయటికి పోయేది. తూయిరె కూతురు, నాలుగేళ్ళ సైమిని మంచులో పరిగెత్తించేది.

"కుంటిదాన్ని పట్టుకోలేవటే, బొద్దుపిల్లా!"

చలికాలమంతా తూయిరెకు అదే ప్రశ్న, పరీక్ష చేయించుకున్నావా అని. చివరికి ఆవిడ నోరు మూయించడానికే తూయిరె పరీక్షకు రక్తం ఇచ్చొచ్చింది.

ఫలితం వచ్చాక నర్సు అంది: "షుగర్ కొంచెం ఎక్కువుంది. వేళకు వచ్చారు. తిండి, నడక చూసుకోండి, సర్దుకుంటుంది. పాపను కూడా బాగా ఆడించండి. తల్లి కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వస్తే, ఆ పిల్లలకూ ముందుముందు షుగర్ వచ్చే భయం ఎక్కువ."

తూయిరె మర్నాడు చక్కెర వేయని, రై ధాన్యపు ముతక రొట్టె కాల్చింది.

"ఇవాళ ఎలా వద్దంటుందో చూస్తా!"

ముసలమ్మ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు.

తర్వాత నల్లకోటు వేసుకుని ఒకాయన వచ్చాడు.

"మా అమ్మ పోయిందండీ. నిద్రలోనే, హాయిగా. సమాధి దగ్గర్నుంచి వచ్చేవాళ్ళకు కాఫీలోకి బన్నులు కావాలి."

"ఎవరు... ఆ కుంటుతూ వచ్చే..."

"ఆవిడే. నేను కడుపులో ఉన్నప్పుడు షుగర్ వచ్చి, కాన్పుతో పోయిందనుకుంది. కాలివేళ్ళు తీసేదాకా పట్టించుకోలేదు. ఇప్పుడు నాకూ ఉంది. మీరు పరీక్షకు వెళ్ళారని పాప చెప్పిందట, ఆ రోజంతా ఒకటే సంబరం."

తూయిరె కళ్ళు తుడుచుకుంది.

"రొట్టె కూడా పంపుతాను. ఆవిడకు బన్నులు గిట్టవుగా."

ఆయన పొయ్యి వైపు చూసి నవ్వాడు.

"గిట్టకపోవడమా! ఈ పొయ్యి కట్టించి, ఈ బన్నును ఊరికి రుచి చూపించింది అమ్మేనండీ."